రైతు కుటుంబమునకు తగిన పికప్ బండిని ఎన్నుకొనుట ఎట్లు?

గోదావరి డెల్టాలో ఒకప్పుడు రైతు ఇంటి ముందు రెండెద్దుల బండి ఉండెడిది. అదే ధాన్యమును కళ్ళము నుండి గాదెకు తెచ్చెడిది. అదే పండుగనాడు పిల్లలను అమ్మమ్మ గారి ఊరికి చేర్చెడిది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప ఏలూరు కాలువపై పడవలు నడచి, బస్తాలను, బాటసారులను మోసినవి. ఆ తరువాత ట్రాక్టరు వచ్చినది. 2005లో టాటా ఏస్ బండి విపణిలోనికి వచ్చినది మొదలు చిన్న సరకు బండ్లు మన గ్రామములలో త్వరితముగా వ్యాపించినవి. నేడు తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు వద్ద గాని, ఆకివీడు, కైకలూరు చేపల ప్యాకింగు షెడ్ల వద్ద గాని కొంతసేపు నిలిచి చూచిన, ఇట్టి బండ్లు ఎంతగా వాడుకలోనికి వచ్చినవో తెలియగలదు.

ఇటీవల రైతులు తరచుగా అడుగుచున్న ప్రశ్న మరియొకటి. "ఏ.ఓ. గారూ, కారొకటి, సరకు బండి యొకటి కొను స్తోమతు మాకు లేదు. చేనికీ, ఇంటికీ రెంటికీ అక్కరకు వచ్చే బండి ఏదో చెప్పండి" అని అడుగుచున్నారు. ఇది మంచి ప్రశ్న. కాని బండి పేరొకటి చెప్పి ఊరుకొన్న దీనికి సమాధానము కాదు. భూమిని బట్టి విత్తనమును ఎన్నుకొనునట్లే, పనిని, దారిని, ఇంటిలోని మనుషులను బట్టి బండిని ఎన్నుకొనవలెను. ఆ ఎన్నిక చేయు పద్ధతిని ఈ వ్యాసములో వివరింతుము. ఇందు పేర్కొన్న బండ్ల పేర్లు ఉదాహరణకు మాత్రమే. ఏ కంపెనీని గూడ సిఫారసు చేయుట లేదు.

ఒకే బండి, రెండు పనులు

పొలము పనిని, ఇంటి పనిని ఒకే బండితో జరుపుకొనవలెనను కోరిక మన రైతులకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో రైతులు తమ కార్ల వెనుక భాగమును కోసి చెక్క తొట్లు బిగించుకొనుచుండగా చూచి, 1925లో ఫోర్డు కంపెనీ వారు తమ మోడల్ టి బండికి తామే వెనుక ఇనుప తొట్టి అమర్చి అమ్మనారంభించిరి. ఆస్ట్రేలియాలో విక్టోరియా రాష్ట్రపు రైతు భార్య ఒకామె, ఆదివారమునాడు చర్చికి పోవుటకు, సోమవారమునాడు పందులను సంతకు తోలుటకు పనికివచ్చు బండి కావలెనని అదే కంపెనీకి ఉత్తరము వ్రాసినదనియు, దాని ఫలితముగా 1934లో అచ్చట 'యూట్' అను బండి పుట్టినదనియు చెప్పుదురు. ఆమె కోరినదే నేడు మన రైతు ఇల్లాలు గూడ కోరుచున్నది. ఆదివారము చర్చికి బదులు ద్వారకాతిరుమల కొండకో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్ళకో అనుకొనవచ్చును.

ముందు మన అవసరమును లెక్కించవలెను

కొట్టు వద్ద బండి నిగనిగలు చూచి మనసు పారేసుకొనకముందే, ఇంటివద్ద కూర్చుండి ఒక కాగితముపై ఒక నెల ప్రయాణములను వ్రాసికొనుడు. ఎన్నిసార్లు, ఎంత దూరము, ఏ సరకు, ఎంత బరువు, ఎందరు మనుషులు అను ఐదు గడులు చాలును. ఈ పట్టికను ఇంటిలోని ఆడవారితో కలసి వ్రాయుట మంచిది. ఆసుపత్రి, బడి, పెండ్లి, పేరంటము వంటి ప్రయాణములను మగవారు తరచుగా మరచిపోవుదురు.

ఇట్లు వ్రాసి చూచిన, మన ప్రాంతములో ముఖ్యముగా మూడు రకముల కుటుంబములు కనబడును.

మొదటిది, పెంటపాడు వైపు వరి పండించు డెల్టా కుటుంబము. ఆరెకరముల వరి గల రైతుకు ఎకరమునకు 30 బస్తాల చొప్పున 180 బస్తాలు వచ్చును. బస్తా 75 కిలోల చొప్పున అది 13,500 కిలోలు. ఒక టన్ను మోయు పికప్‌పై దీనిని తోలిన 14 తడవలు తిరుగవలెను. ట్రాక్టరు ట్రక్కునకో, లారీకో కిరాయి ఇచ్చుటే చవుక. కావున వరి కోతల కొరకని పికప్ కొనుట తెలివిగాదు. ఇట్టి కుటుంబమునకు ఎరువులు, విత్తనములు, పశుగ్రాసము, ఇంటి మనుషులు, ఇవే బండికి నిత్యపు పనులు.

రెండవది, తాడేపల్లిగూడెమునకు ఉత్తరమున నల్లజర్ల, వెంకటరామన్నగూడెం వైపు మెట్ట కుటుంబము. కూరగాయలు, అరటి, కొబ్బరి, ఆయిల్ పామ్ వంటి పంటలు గలవారికి వారమునకు పలుమార్లు అంతో ఇంతో సరకు తోలవలసిన పని ఉండును. పికప్ బండి నిజముగా గిట్టుబాటగునది ఇట్టివారికే.

మూడవది, కొల్లేటి చుట్టుపట్ల చేపల, రొయ్యల చెరువులు గల కుటుంబము. మేత బస్తాలు, ఏరియేటరు విడిభాగములు, వలలు, డీజిలు డబ్బాలు దినదినము చెరువు గట్టునకు చేరవలెను. పట్టుబడి నాడు చేపలను ఎట్లును లారీలే తీసికొనిపోవును. వీరికి కావలసినది ఎక్కువ బరువు మోయు బండి కాదు. తడికి, ఉప్పుకు తట్టుకొని గట్టుపై నడచు బండి.

నెలకు నాలుగైదు తడవలకు మించి సరకు తోలు పని లేనివారు సొంత పికప్ కొనక, అవసరమైనప్పుడు కిరాయికి పిలుచుకొని, ఇంటి పనికి చిన్న కారో, మోటారు సైకిలో ఉంచుకొనుట మేలు. వాడని బండికి గూడ బీమా, పన్ను, వడ్డీ తప్పవు.

మూడు తరగతుల బండ్లు

విపణిలో దొరకు బండ్లను మన పనికి సంబంధించినంత వరకు మూడు తరగతులుగా విభజింపవచ్చును.

మొదటి తరగతివి ఒంటి క్యాబిన్ గల చిన్న సరకు బండ్లు. టాటా ఏస్, ఇంట్రా, అశోక్ లేలాండ్ దోస్త్ మొదలగునవి ఇట్టివి. ధర తక్కువ, తొట్టి పెద్దది, సందులలో సులభముగా తిరుగును. కాని డ్రైవరు ప్రక్కన ఒకరిద్దరికే చోటు. సరకు పనికి ఇవి మంచివి. కుటుంబపు బండ్లు మాత్రము కావు.

రెండవ తరగతివి రెండు వరుసల సీట్లు గల పనివాటపు బండ్లు. మహీంద్ర బొలెరో క్యాంపరు ఇందుకు తెలిసిన ఉదాహరణ. డ్రైవరుతో కలసి ఐదుగురు కూర్చుండవచ్చును. వెనుక తొట్టి సుమారు టన్ను బరువునకు తగినట్లు కట్టియుండును. వెనుక కమాను కట్టలు గట్టివగుటచే ఖాళీగా పోవునప్పుడు ఎగిరెగిరి పడును. నునుపుతనము, సొగసు తక్కువ. మరమ్మతు చేయువారు మాత్రము చిన్న పట్టణములలో గూడ దొరకుదురు.

మూడవ తరగతివి పొడవైన, ఖరీదైన డబుల్ క్యాబిన్ పికప్‌లు. ఇసుజు వి-క్రాస్, 2022లో మన దేశములో అమ్మకమునకు వచ్చిన టయోటా హైలక్స్ ఇట్టివి. ఇసుజు వారి కర్మాగారము మన రాష్ట్రములోనే శ్రీసిటీలో 2016 నుండి పనిచేయుచున్నది. ఇవి కారువలె సుఖముగా నడచును. నాలుగు చక్రములకు శక్తినిచ్చు ఏర్పాటు గల రకములు దొరకును. కాని పొడవు సుమారు 5.3 మీటర్లు. రెండవ తరగతి బండి కంటె ధర పలు రెట్లు. పైగా బండి పెద్దదైనంత మాత్రమున ఎక్కువ సరకు మోయునని తలచుట పొరపాటు. ఆ సంగతి తరువాతి లెక్కలో తేలును.

బరువు లెక్క

ప్రతి బండి ఆర్.సి.లోను రెండు అంకెలుండును. ఒకటి ఖాళీ బరువు. రెండవది సరకుతోను, మనుషులతోను కలసి ఉండదగిన మొత్తము బరువు. రెండవదాని నుండి మొదటిదానిని తీసివేసిన వచ్చునదే బండి మోయదగిన బరువు. అందులో నుండి మనుషుల బరువును గూడ తీసివేయవలెను. ఈ చివరి తీసివేతను చాలమంది చేయరు.

ఉదాహరణకు ఒక పనివాటపు బండి మొత్తము బరువు 2,700 కిలోలు, ఖాళీ బరువు 1,700 కిలోలు అనుకొందము. తేడా 1,000 కిలోలు. ఇంటివారు ఐదుగురు, సగటున 65 కిలోల చొప్పున 325 కిలోలు. మిగిలినది 675 కిలోలు. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు 9, లేక 45 కిలోల యూరియా బస్తాలు 15.

ఇప్పుడు సుఖమునకై కట్టిన మరియొక పెద్ద బండి మొత్తము బరువు 2,500 కిలోలు, ఖాళీ బరువు 2,000 కిలోలు అనుకొందము. తేడా 500. అదే ఐదుగురు ఎక్కిన మిగిలినది 175 కిలోలు. రెండు ధాన్యపు బస్తాలు వేసి, మూడవది వేయుటకు వీలు లేదు! కావున బండి ఎత్తును, టైర్ల లావును చూచి మోసపోక ఈ రెండంకెలను అడిగి వ్రాసికొనుడు.

నీటి డ్రమ్ము సంగతి గూడ గుర్తుంచుకొనవలెను. 200 లీటర్ల డ్రమ్ము నిండినచో నీరే 200 కిలోలు. సగము నిండిన డ్రమ్ము మరింత ప్రమాదకరము. మలుపులో నీరు ఒక ప్రక్కకు ఒరిగి బండిని లాగును. డ్రమ్మును నిండుగానైనను, ఖాళీగానైనను తీసికొనిపోవలెను.

పరిమితికి మించి బరువు వేసినచో బ్రేకు ఆలస్యముగా పట్టును, టైరు వేడెక్కి పగులును, కమాను కట్ట విరుగును. చట్టరీత్యా శిక్ష గూడ కలదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణ ప్రకారము అధిక బరువునకు 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్ను ఒక్కింటికి 2,000 రూపాయలు జరిమానా.

తొట్టిలో మనుషులను ఎక్కించరాదు

ఈ వ్యాసములో ఒక్క విషయమే జ్ఞాపకముంచుకొందుమనువారు ఈ భాగమును చదివిన చాలును.

2024 సెప్టెంబరు 10వ తేది రాత్రి, ఏలూరు జిల్లా టి. నరసాపురం మండలము నుండి జీడిపిక్కల బస్తాలతో నిడదవోలు వైపు పోవుచున్న మినీ లారీ ఒకటి దేవరపల్లి మండలములో బోల్తాపడినది. బస్తాలతో పాటు ప్రయాణము చేయుచున్న కూలీలలో ఏడుగురు ఆ బస్తాల క్రింద చిక్కుకొని మరణించిరి. వారందరును రోజు కూలికి పోయి ఇండ్లకు మరలవలసినవారే.

తొట్టి సరకు కొరకు కట్టినది. అందు సీటు లేదు, బెల్టు లేదు, పట్టుకొనుటకు ఆధారము లేదు. గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవు బండి గేదె అడ్డము వచ్చి హఠాత్తుగా ఆగినచో, బండి ఆగును గాని తొట్టిలోని మనిషి అదే వేగముతో ముందుకు పోవును. ప్రక్కనున్న బస్తా గూడ అట్లే వచ్చి మీద పడును. "మన ఊరి దారే గదా, నాలుగు కిలోమీటర్లే గదా" అను మాట పనికిరాదు. కాలువ గట్టు దారిలో నాలుగు కిలోమీటర్ల పొడవునను ఒక ప్రక్క నీరే యుండును.

చట్టము సంగతి గూడ తెలిసికొనవలెను. సరకు బండిలో సరకు యజమానికి, లేక అతడు పంపిన ప్రతినిధికి బీమా వర్తించును. ఊరకే ఎక్కించుకొన్న ప్రయాణీకులకు వర్తించదని ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. అనగా పెండ్లికని బంధువులను తొట్టిలో ఎక్కించుకొని పోవునప్పుడు జరుగరానిది జరిగిన, నష్టపరిహారపు భారము బండి యజమానిపై పడగలదు. ఆ భారము తీర్చుటకు పొలము అమ్ముకొనవలసి రావచ్చును. పోయిన ప్రాణమునకు ఆ పొలము గూడ ఈడు కాదు.

కావున కుటుంబమునకు బండి కొనువారు ముందుగా ఇంటిలోని తలలను లెక్కింపవలెను. నలుగురైదుగురు తరచుగా కలసి పోవు కుటుంబమైనచో ఒంటి క్యాబిన్ బండి కొనరాదు. "పిల్లలు వెనుక కూర్చుందురులే" అను ఆలోచనతోనే అపాయము మొదలగును. రెండు వరుసల సీట్లు, ప్రతి సీటునకు బెల్టు ఉన్న బండినే కొనవలెను. ఇంటిలో ఏడుగురెనమండుగురు ఉన్నచో ఏ పికప్ గూడ చాలదు. కొందరు బస్సులో పోవుటే క్షేమము.

మన నేలలు, మన దారులు

జాతీయ రహదారిపై ఏ బండియైనను బాగుగనే నడచును. తాడేపల్లిగూడెం నుండి ఏలూరు పోవు 16వ నంబరు రహదారిపైనో, కైకలూరు, ఆకివీడుల మీదుగా భీమవరము పోవు 165వ నంబరు రహదారిపైనో నడిపి చూచి బండిని మెచ్చుకొనరాదు. బండికి పరీక్ష మన పుంతలో, చెరువు గట్టుపై జరుగును.

డెల్టాలోని నల్లరేగడి తడిసినప్పుడు జిగురగును. టైరు గాళ్ళలో మట్టి నిండి, టైరు నునుపైన గుండ్రాయివలె జారును. పికప్ బండి ఖాళీగా ఉన్నప్పుడు బరువంతయు ముందుభాగమున ఉండి వెనుక చక్రములు తేలికయగును. సామాన్యముగా ఇంజను శక్తి పోవునది ఆ వెనుక చక్రములకే. అందుచేత లోడుతో దాటిన బురదలోనే ఖాళీ బండి చతికిలబడును. వానకాలములో ఖాళీగా పోవలసి వచ్చిన, రెండు మూడు ఇసుక బస్తాలను వెనుక ఇరుసునకు పైగా వేసి, కదలకుండ త్రాటితో కట్టుకొనుట మంచి ఉపాయము.

నాలుగు చక్రముల శక్తి అందరికిని అవసరము లేదు. దానివలన ధర, బరువు, డీజిలు ఖర్చు పెరుగును. సంవత్సరములో కొలది దినములు మాత్రమే బురద దాటువారికి మంచి గాళ్ళు గల టైర్లు చాలును. లంక గ్రామములలో ఉండి, వానకాలమంతయు మట్టిగట్టుపైననే తిరుగవలసినవారు మాత్రము దానిని గూర్చి ఆలోచింపవచ్చును. అయినను నాలుగు చక్రములు తిరిగినంత మాత్రమున జారుట ఆగదు. గట్టు అంచు విరిగినచో ఏ బండియైనను చెరువులో పడును.

బండి పొడవును గూర్చి ముందే యోచింపవలెను. ఒక తాడును బండి పొడవునకు కొలిచి, ఇంటి సందు మలుపు వద్ద, గేటు వద్ద, చెరువు గట్టుపై బండి తిప్పుచోట పరచి చూడుడు. గట్టుపై ఎదురుగా ట్రాక్టరు వచ్చిన, వెనుకకు ఎంత దూరము నడుపవలసి వచ్చునో గూడ ఆలోచించుకొనుడు.

నీటిలో నడుపుటను గూర్చి ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు ఆ నీరు క్రిందికి కొల్లేటికి చేరినది. లంక గ్రామముల దారులు మునిగినవి. కొల్లేటి నీరు ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు దిగువరకు ఇట్టి దారులు పలుదినములు నీటిలోనే ఉండును. పెద్ద బండి గదా యని పారు నీటిలో దిగరాదు. నీరు ఇంజనులోనికి గాలి పోవు గొట్టమును చేరినచో ఇంజను ఒక్కసారిగా చెడును. అంతకు ముందే ప్రవాహము తేలిక వెనుకభాగమును ప్రక్కకు నెట్టివేయగలదు.

చెరువుల రైతులకు మరియొక మాట. చేపల ట్రేల నుండి, ఐసు నుండి, ఉప్పునీటి నుండి కారు తడి తొట్టి అతుకులలో నిలిచి ఇనుమును తినివేయును. తొట్టిలో రబ్బరు చాప పరచుట, నీరు పోవు రంధ్రములు పూడకుండ చూచుట, తడి సరకు దింపిన నాడే మంచినీటితో బండి అడుగుభాగమును గూడ కడుగుట అలవాటు చేసికొనవలెను.

పురుగుమందులు, ఎరువులు

పురుగుమందు డబ్బాలను మనుషులున్న క్యాబిన్‌లో ఎన్నడును పెట్టరాదు. మూత వదులై కారిన మందు ఆవిరి మూసిన క్యాబిన్‌లో పిల్లలకు అపాయము. తొట్టిలో మూత గల పెట్టెలో నిలువుగా ఉంచి కట్టవలెను. మందు ఒలికిన తొట్టిలో అదే దినము కూరగాయలు, బియ్యము, పశువుల దాణా వేయరాదు. తొట్టికి చెక్క, గోనె పరచియున్నచో మందును పీల్చుకొనును. నున్నని ఇనుప తొట్టి కడుగుటకు వీలుగా ఉండును.

ఇంజనును గూర్చి తెలియవలసినది

2020 ఏప్రిల్ 1 నుండి అమ్ముచున్న కొత్త బండ్లన్నియు బి.ఎస్.6 ప్రమాణమునకు లోబడినవి. ఈ డీజిలు బండ్లలో పొగలోని మసిని ఆపు జల్లెడ యొకటి ఉండును. బండి కొంతసేపు ఆగక, మంచి వేగముతో నడచినప్పుడే ఆ మసి కాలిపోయి జల్లెడ శుభ్రపడును. ఇంటి నుండి చేనికి రెండు కిలోమీటర్లు పోయి ఆపుట, మరల రెండు కిలోమీటర్లు వచ్చి ఆపుట, ఇదే దినచర్యయైనచో జల్లెడ పూడుకొని ఎదుట ఎఱ్ఱదీపమో, పచ్చదీపమో వెలుగును. ఇట్టివారు వారమున కొకసారియైనను రహదారిపై అరగంట తక్కువ కాకుండ నడుపవలెను. ఎట్లు నడుపవలెనో బండితో ఇచ్చు పుస్తకములో వ్రాసియుండును. చిన్న దూరములే తిరుగువారు సి.ఎన్.జి. లేక విద్యుత్ బండ్లను గూడ విచారించుట మంచిది; ఇంధనము నింపుచోటు దగ్గరలో ఉన్నదో లేదో చూచుకొనవలెను.

కొన్ని బండ్లకు డీజిలుతో పాటు 'డెఫ్' అను ద్రవమును వేరుగా పోయవలెను. ఇది శుద్ధమైన నీటిలో 32.5 శాతము శుద్ధ యూరియా కలిపినది. ఈ మాట విని కొందరు చేలకు వేయు యూరియానే నీటిలో కలిపి పోయవచ్చునని తలచెదరు. అట్లు ఎన్నడును చేయరాదు. చేలకు వేయు యూరియాకు వేపనూనె పూత ఉండును. ఇతర మలినములు గూడ ఉండవచ్చును. అది సున్నితమైన గొట్టములను, పొగను శుభ్రపరచు పరికరమును పాడుచేయును. దాని మరమ్మతు ఖర్చుతో అనేక బస్తాల యూరియా కొనవచ్చును.

రిజిస్ట్రేషను, పర్మిట్టు, లైసెన్సు, బీమా

డబుల్ క్యాబిన్ బండ్లలో కొన్ని సరకు వాహనములుగా పసుపు పలకతోను, కొన్ని సొంత వాహనములుగా తెల్ల పలకతోను రిజిస్టరగుచున్నవి. ఏ బండికి ఏది వర్తించునో డబ్బు కట్టకముందే తెలిసికొనవలెను.

పసుపు పలక బండికి ఫిట్‌నెస్ ధ్రువపత్రము కావలెను. మొదటి ఎనిమిదేండ్లు రెండేండ్లకొకసారి, ఆ పిదప ఏటేటా దానిని పొందవలెను. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరకు బండికి పర్మిట్టు అక్కరలేదు, మించినచో కావలెను. ఇందుకే రెండు బండ్ల నడుమ ఎటూ తేల్చుకొనలేనివారు ఈ అంకెను గూడ చూచుట మంచిది. తెల్ల పలక బండికి ఈ బాధలు తక్కువ. కాని దానిని ఇతరుల సరకునకు కిరాయికి తిప్పరాదు. కోతల కాలములో నాలుగు డబ్బులు వచ్చునని ఆశపడి తిప్పినచో బండిని పట్టుకొనుటయే గాక, ప్రమాదము జరిగిన బీమా కంపెనీవారు అభ్యంతరము చెప్పుదురు.

లైసెన్సు విషయములో ఇదివరకున్న సందేహము తీరినది. తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సు గలవారు, 7,500 కిలోలకు మించని సరకు బండిని వేరు అనుమతి లేకుండ నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరు 6న తీర్పు చెప్పినది.

బీమా తీసికొనునప్పుడు థర్డ్ పార్టీ పాలసీతో సరిపెట్టుకొనరాదు. సమగ్ర పాలసీ తీసికొని, సీట్లలో కూర్చుండు వారందరికిని రక్షణ ఉన్నదా, నీటి ముంపు వలన ఇంజనునకు కలుగు నష్టము వర్తించునా అను రెండు విషయములను అడిగి, పాలసీ కాగితములో చదివి చూచుకొనవలెను.

కార్లకు ప్రమాద పరీక్ష జరిపి నక్షత్రములు ఇచ్చు భారత్ ఎన్‌క్యాప్ పద్ధతి 2023లో ప్రారంభమైనది. అది ప్రయాణీకుల వాహనములకే ఉద్దేశింపబడినది. సరకు బండిగా రిజిస్టరగు పికప్‌నకు ఆ నక్షత్రములు ఉండవు. కావున ఎయిర్‌బ్యాగులు ఎన్ని, ఏ సీట్లకు, హఠాత్తుగా బ్రేకు వేసిన చక్రములు బిగిసిపోకుండ చేయు ఏ.బి.ఎస్. ఉన్నదా అని అడిగి, జవాబు వ్రాతపూర్వకముగా తీసికొనుట మంచిది.

ఖర్చు లెక్క

2025 సెప్టెంబరు 22 నుండి సరకు వాహనములపై జి.ఎస్.టి. 28 శాతము నుండి 18 శాతమునకు తగ్గినది. అయినను ధర తగ్గినదను సంతోషములో అప్పు పెంచుకొనరాదు. ఒక ఉదాహరణ చూతము. 8 లక్షల రూపాయల అప్పు, సాలుకు 10 శాతము వడ్డీ, ఐదేండ్ల గడువు. నెలసరి వాయిదా సుమారు 17,000 రూపాయలు. 60 వాయిదాలు కట్టునప్పటికి అసలుపై దాదాపు 2 లక్షల 20 వేల రూపాయలు వడ్డీ కట్టినట్లగును. రైతుకు రాబడి నెలనెలకు రాదు, పంటకు వచ్చును. కావున వీలైనచో పంట చేతికి వచ్చు నెలలలో ఎక్కువ కట్టు ఏర్పాటును బ్యాంకువారితో మాట్లాడుకొనవలెను. రెండు మూడు నెలల వాయిదాలను ముందే ప్రక్కన పెట్టుకొన్నవారికి తుపాను వచ్చిన సంవత్సరము గడ్డుగా ఉండదు.

డీజిలు లెక్కను లీటర్లలో చూచుకొనుట సులువు. నెలకు 1,000 కిలోమీటర్లు తిరుగువారికి లీటరుకు 14 కిలోమీటర్లు ఇచ్చు బండికి 71 లీటర్లు, 10 కిలోమీటర్లు ఇచ్చు బండికి 100 లీటర్లు పట్టును. నెలకు 29 లీటర్ల తేడా. సంవత్సరమునకు 348 లీటర్లు. ఆ నాటి డీజిలు ధరతో దీనిని హెచ్చవేసి చూడుడు. వీనికి తోడు టైర్లు, బీమా, సర్వీసు చేర్చి, వచ్చిన మొత్తమును ఇప్పుడు ఏటా ఇచ్చుచున్న కిరాయితో పోల్చి చూచిన, కొనవలెనో మానవలెనో తేలిపోవును.

పాత బండి కొనువారికి

పాత బండిని పగటివేళ, ఎండలో, కడిగించి చూడవలెను. మంచి మెకానిక్కును వెంట తీసికొనిపోయి క్రింద పండుకొని చాసిస్ దూలములను, తొట్టి బిగింపులను, బ్రేకు గొట్టములను పరీక్షింపవలెను. చేపల సరకు తోలిన బండి పైకి కొత్త రంగుతో మెరయుచు, అడుగున తుప్పుతో ఉండవచ్చును. సీట్ల క్రింద ఒండ్రుమట్టి, బెల్టును పూర్తిగా బయటకు లాగినప్పుడు నీటి మరక, ముక్క వాసన, ఇవి మునిగిన బండి గుర్తులు.

కాగితములలో ఫిట్‌నెస్, పన్ను, బీమా గడువులు, చెల్లించని చలానులు చూచుకొనవలెను. అప్పు తీరినట్లు బ్యాంకువారి 35వ నంబరు ఫారము, పేరు మార్పునకు 29, 30 నంబరు ఫారములు తీసికొనవలెను. కొన్న 30 దినములలోగా మార్పునకు దరఖాస్తు చేయవలెను. పేరు మారని బండి ప్రమాదము చేసిన, అమ్మినవారు, కొన్నవారు ఇరువురును కోర్టు చుట్టు తిరుగవలసి వచ్చును.

కొనుటకు ముందు నాలుగు పరీక్షలు

1. ఇంటిలో పెద్దవారిని వెనుక సీటులో కూర్చుండబెట్టి, ఖాళీ బండిని గతుకుల దారిలో పది కిలోమీటర్లు నడుపుడు. నడుమునొప్పి సంగతి వారే చెప్పుదురు. ఎక్కుట దిగుట వారికి సులువుగా ఉన్నదో లేదో చూడుడు.

2. సాధ్యమైనచో 500 కిలోల సరకు వేసి వంతెన ఎగువన ఆపి మరల ఎక్కించుడు. బ్రేకు, క్లచ్చి గుణము అచ్చట బయటపడును.

3. తొట్టి వెనుక తలుపు దింపి, ఒక బస్తాను మీరే ఎత్తి చూడుడు. తొట్టి ఎత్తు ఎక్కువైనచో ప్రతి దినమును ఆ శ్రమ తప్పదు.

4. సర్వీసు కేంద్రము ఎంత దూరములో ఉన్నదో, సామాన్యముగా అరుగు విడిభాగములు తాడేపల్లిగూడెములోనో, ఏలూరులోనో, భీమవరములోనో దొరకునో లేదో స్వయముగా విచారించుడు. కోతల వేళ బండి పదిదినములు షెడ్డులో ఉన్నచో అది ఎంత మంచి బండియైనను ఉపయోగము లేదు.

గ్రామోద్యోగులకు మనవి

గ్రామ సచివాలయ సిబ్బంది, రైతు సేవా కేంద్రముల సహాయకులు పై విషయములను రైతుల సమావేశములలో చదివి వినిపింపవలెనని కోరుచున్నాము. ముఖ్యముగా నాట్ల కాలములోను, కోతల కాలములోను కూలీలను సరకు బండ్లలోను, ట్రాక్టరు ట్రక్కులలోను నింపి తోలు అలవాటును మాన్పించుటకు పూనుకొనవలెను. మేస్త్రీలతోను, బండి యజమానులతోను పనులు ఆరంభమగుటకు ముందే మాట్లాడుట మంచిది. నాలుగు ఇండ్ల రైతులు కలసి కూలీల రానుపోను ప్రయాణమునకు ఆటోనో, చిన్న బస్సునో మాట్లాడుకొన్నచో తలకు పడు ఖర్చు స్వల్పమే యగును.

బండి ఎన్నికలో తుదకు చూచుకొనవలసినవి మూడే: ఇంటివారందరికి బెల్టు గల సీటు, సరకునకు తగినంతయే తొట్టి, రాబడికి తగినంతయే అప్పు. ఈ మూడును కుదిరిన బండి ఏ కంపెనీదైనను, ఏ రంగుదైనను మంచి బండియే. ఇందులో మొదటిది కుదరనిచో, మిగిలిన రెండును ఎంత చక్కగా కుదిరినను ఆ బండిని కుటుంబము కొరకు కొనరాదు.